పెరటి కింద రాగి గని

ఫోటోలకు ఫ్రేములు కట్టే మా పక్కింటాయన్ని వీధంతా గనుల బాబాయి అనేది. మూతపడ్డ గనుల కంపెనీల పాత షేరు పత్రాలంటే ఆయనకు పిచ్చి. చుట్టూ లతల అంచు, మధ్యలో పొగగొట్టాల బొమ్మ ఉన్న ఒక్కో పత్రం దొరికినప్పుడల్లా, ఆ కంపెనీ ఎప్పుడు పుట్టిందో, ఏం తవ్విందో, ఎలా దివాలా తీసిందో ఆరా తీసి చరిత్ర రాసేవాడు. ఆయన భార్యను మేం పిన్నీ అనేవాళ్లం. ఆవిడ వాటిని "పోయిన కంపెనీల శుభలేఖలు" అని ఆటపట్టించేది.

వెనక గుట్టలో ఒకప్పుడు రాగి తవ్విన కంపెనీ పత్రం ఆయనకు ప్రాణం. ఇల్లు కొనేటప్పుడు పిన్ని జంకితే, "సొరంగం గుట్ట దాటలేదని కంపెనీవాళ్లే తమ నివేదికలో అచ్చువేశారే. నిశ్చింతగా ఉండు" అన్నాడట.

ఒకరోజు పొద్దున పెరట్లో బట్టలుతుకుతున్న పిన్ని, సబ్బు అయిపోయిందని లోపలికి వచ్చింది. అలమరలో చెయ్యి పెట్టిందో లేదో, వెనక బస్తా జారిపడ్డట్టు మెత్తటి చప్పుడు. తిరిగి చూస్తే బట్టలుతికే బండ లేదు, బకెట్టు లేదు, నిమ్మచెట్టు లేదు. అవి ఉన్నచోట పెద్ద గొయ్యి.

"ఏమండీ," అంది. "ఒకసారి ఇలా రండి."

ఆ చప్పుడు విని ఏమైందని మేం గోడ మీంచి కేక వేస్తే, వాళ్లు పలకకపోయేసరికి పరిగెత్తుకెళ్లాం. ఇద్దరూ గుమ్మంలోనే కొయ్యబారి నిలబడి ఉన్నారు. ముందుకు వెళ్లకుండా పిన్ని ఆయన చొక్కా గట్టిగా పట్టుకుని ఉంది. గోతి లోపల, ఇంకా మట్టి రాలుతున్నచోట, పుచ్చిన దుంగలు వరసగా కనిపించాయి. ఎవరో నిలబెట్టిన దుంగలు. వాటి మధ్య చీకటి మా ఇంటి కిందికి సాగిపోతోంది.

"గుట్ట దాటలేదన్నారుగా," అంది పిన్ని మెల్లగా.



సాయంత్రానికి సర్వేవాళ్లు వచ్చి మా వరస ఇళ్లన్నీ ఖాళీ చేయించారు. రాగి ఇటువైపు ఇంకా దొరుకుతుంటే, కంపెనీ హద్దు దాటి దొంగచాటుగా తవ్వుకుపోయిందని తేల్చారు. గొయ్యి రాళ్లతో పూడ్చారు కానీ మళ్లీ ఎవర్నీ ఉండనివ్వలేదు.

ఇప్పుడు వాళ్లు ఆయన ఫ్రేముల కొట్టు పైన అద్దె గదిలో ఉంటున్నారు. ఫ్రేముకు మేకు కొడుతూ కొడుతూ ఆయన ఒక్కోసారి ఆగిపోతాడు.

"ఆ కంపెనీవాళ్లకి తెలుసే," అంటాడు.

"తెలుసు," అంటుంది పిన్ని. "అన్నం తినండి, చల్లారిపోతోంది."