సముద్రం అడుగు చూసొచ్చిన తలకాయ

మా అమ్మమ్మ పగబడితే పాము కూడా పక్కన కూర్చుని పాఠం నేర్చుకోవాలి. ఆ సంగతి తెలియక పరిశోధన ఓడలో ఎలక్ట్రీషియన్ ఆమె జోలికి వెళ్ళాడు.

ఆ ఓడ మహాసముద్రాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటుతూ, మధ్యమధ్య ఆగి, ఇనుప చట్రానికి బిగించిన సీసాలను దించి, ఏ లోతు నీళ్ళు ఆ లోతులోనే పట్టి తెచ్చేది. శాస్త్రవేత్తలు ఆ నీళ్ళను పసిపిల్లల్లా చూసుకునేవారు. వాళ్ళ కడుపులు చూసుకునేది వంటావిడైన మా అమ్మమ్మ.

ఒకరోజు ఎలక్ట్రీషియన్ వైర్లు మార్చాలని చేపలుండే చలిగదికి కరెంటు ఆపాడు. "గంటలో వేసేస్తా అక్కా" అన్నాడు. మరిచిపోయి, మర్నాడు గుట్టుచప్పుడు కాకుండా వేశాడు. ఆ చేపలు తిన్న ఓడంతా రెయిలింగు పట్టుకుని వేలాడింది. అమ్మమ్మకు ఆ రోజు జలుబు, వాసన తెలియలేదు. ఈ ముక్క ఆమె చెప్పేటప్పుడు ఎప్పుడూ జారిపోతుంది, నేనే ఏరి పెట్టాను.

"ఈవిడే తలుపు తీసి వదిలేసింది సార్. వయసైపోయింది, పాపం" అన్నాడు ఎలక్ట్రీషియన్ కెప్టెన్‌తో.

ఆ 'పాపం'తో అమ్మమ్మకు ఒళ్ళు మండింది. కెప్టెన్ ఆమెను పొయ్యి దగ్గర నుంచి తప్పించి బంగాళాదుంపలు చెక్కమన్నాడు. వచ్చే రేవులో దించేస్తానన్నాడు. ఆమె మాటకు సాక్షి లేడు. చెక్కే ప్రతి దుంపలోనూ వాడి ముఖమే కనిపించేదట. కొన్ని దుంపలు గోలీలంతే మిగిలాయి.

అతని ఒత్తయిన జుట్టు విగ్గని ఓడలో ఆమె ఒక్కతికే తెలుసు. ఒకసారి అతనికి జ్వరమొచ్చిందని గదికి గంజి పట్టుకెళ్తే, బల్ల మీద థర్మోకోల్ తలకు జుట్టు, మంచం మీద నున్నటి గుండు. అప్పుడు జాలిపడి నోరు మూసుకుంది. ఇప్పుడు ఆ జాలి కాస్తా అయిపోయింది.

సముద్రం బాగా లోతున్న చోట అందరూ థర్మోకోల్ కప్పుల మీద పేర్లు రాసి, వల సంచిలో వేసి, సీసాల చట్రానికి కట్టడం ఆ ఓడలో ఆనవాయితీ. అడుగున నీళ్ళ బరువుకు కప్పు నొక్కుకుపోయి బొటనవేలంతై వస్తుంది. ఇంటికెళ్ళి పిల్లలకు చూపించుకుంటారు. ఈసారి సంచి మూతి కట్టింది అమ్మమ్మ.

సంచి పైకొచ్చింది. అందరూ మూగారు. కప్పుల మధ్య నుంచి జామకాయంత తల ఒకటి ముఖం చిట్లించుకుని దొర్లింది.

"ఇదెవరిదండీ?" అన్నాడు శాస్త్రవేత్తల పెద్ద.

ఎలక్ట్రీషియన్ చెయ్యి నెత్తి మీదికి పోయింది. తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. అమ్మమ్మ మెల్లగా పక్కకు చేరింది.

"ఎవరిదో నేను చెప్పనా తమ్ముడూ, చలిగది సంగతి నువ్వు చెప్తావా?"

"పరువు పోతుందక్కా."

"నాది పోయినప్పుడు నీ కళ్ళు ఎక్కడికి పోయాయి? కెప్టెన్ గారు అక్కడే ఉన్నారు. వెళ్ళు."

వెళ్ళాడు. చెప్పాడు. సాయంత్రానికి గరిటె మళ్ళీ అమ్మమ్మ చేతికొచ్చింది.

అక్కడితో వదిలేస్తే ఆమె మా అమ్మమ్మ ఎందుకవుతుంది? తల లేక విగ్గు చిక్కుపడుతోందని, బోర్లించుకోవడానికి ఒక గిన్నె ఇప్పించమని అతను వంటింటి గుమ్మంలో బతిమాలాడు. ఆమె ఉన్నవాటిలోకెల్లా సొట్టది వెతికి ఇచ్చింది. ప్రయాణం ముగిసేదాకా అతని జుట్టు ఒకవైపే వాలి ఉంది.

ఆ జామకాయంత తల ఇప్పటికీ మా ఇంట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంది. ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు అమ్మమ్మ దాని ముఖం పొయ్యి వైపు తిప్పుతుంది.