జీతం కోసం వదులుకున్న సభ్యత్వం

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ల పక్కన మా తెలుగు సంఘానికి ఒక గది ఉంది. అందులో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. ఉచితంగానే, సంఘం సభ్యురాలిగా. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలే గానీ అక్షరం ముక్క చదవలేరు. వారానికి ఒక్క పూటతో ఏమొస్తుంది, రోజూ సాయంత్రం పెట్టమని తల్లులు పట్టుబట్టారు. రోజూ అంటే రాజ్‌కిశోర్ నగర్‌లో నేను చెప్పే లెక్కల ట్యూషన్లు మానుకోవాలి. నా ఇల్లు గడిచేది వాటి మీదే. అందుకని జీతం అడిగాను.

సంఘం కార్యదర్శి రిటైరైన రైల్వే గార్డు. మంచివాడే. జీతం మాట వినగానే మాత్రం ముఖం చిట్లించాడు.

"మెంబరువయ్యుండి జీతం తీసుకుంటే జనం ఏటంటారమ్మా? సేవ సేవే, నౌకరీ నౌకరీయే. మెంబర్‌షిప్ వదిలేసి స్టాఫ్‌గా చేరిపో."

"అచ్ఛా, అంతేనా బాబాయిగారూ?" అని నవ్వి, అక్కడికక్కడే రాజీనామా ఇచ్చేశాను. ఏడాదికోసారి సమావేశంలో టీ తాగడం తప్ప సభ్యత్వంతో ఒరిగేదేముందిలే అనుకున్నాను. పైగా తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

తరగతి బాగా సాగింది. దూరాన ఉన్న సీపత్ నుంచి కూడా పిల్లల్ని తెచ్చేవారు. మరుసటేడు సర్వసభ్య సమావేశంలో, తెలుగు తరగతి తీసేసి ఆ గదిని కంప్యూటర్ కోచింగ్‌కి ఇద్దామని కొందరు సభ్యులన్నారు. నాకు ఒళ్లు మండి లేచాను.

"నువ్వు స్టాఫ్ కదమ్మా, కూకో. మెంబర్లే మాటాడాలి," అన్నాడు బాబాయిగారు, మెత్తగానే.

కూర్చున్నాను. తల్లులు నా వైపు చూశారు. నేను నోరు విప్పితే వాళ్లూ లేచేవారు, నాకు తెలుసు. చేతులెత్తమన్నారు. నా చేయి ఒళ్లోనే ఉండిపోయింది. తరగతి పోయింది.

కొన్నాళ్లకు బ్యాంకు బదిలీ మీద వచ్చిన ఒక తెలుగాయన సంఘంలో చేరాడు. నా కథ విని తెల్లబోయాడు.

"సభ్యులు పనిచేసి జీతం తీసుకోకూడదని మన నియమాల్లో ఎక్కడా లేదండీ. మీ జీతం సంగతి తేల్చేటప్పుడు మీరు పక్కకు తప్పుకుంటే చాలు."

చాలట! ఎవరి మీద కోప్పడను? బాబాయిగారికీ తెలియదు. ఒక్క మాట అడిగి చూడాలని నాకూ తోచలేదు.

మొన్న గోల్ బజార్‌లో, తరగతి మూతపడే ముందు నా దగ్గర చేరిన పిల్ల ఎదురైంది. కాలేజీకి వచ్చేసింది. ఫోన్ నా చేతిలో పెట్టి, ఊరి నుంచి వాళ్ల అమ్మమ్మ తెలుగులో ఏదో పంపిందట, చదివి పెట్టమంది. పెద్ద సంగతేం లేదు, ఒంట్లో బాగోలేదు, ఒకసారి రమ్మని రాసింది. చదివి వినిపించాను.

"నువ్వే చదువుకోవచ్చు కదే," అన్నాను, ఉండబట్టలేక.

"ఒత్తులు రాకముందే క్లాస్ బంద్ అయిపోయింది కదా ఆంటీ," అంది.