మూడో గోడ మీద మల్లమ్మ

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

పటాన్‌చెరు దగ్గర ఒక సర్కారు ఫ్యాక్టరీలో ఫొటోలు, ఫిల్ములు తీయడం నా ఉద్యోగం. అక్కడ రంగులు కొట్టే షెడ్డులో పనిచేసే కర్దనూరు నర్సింలు పాత రేకుల మీద బొమ్మలు వేసేవాడు. వాటిలో మనిషి ఉండడు, చెట్టు ఉండదు. ఉత్త రంగులే. ఆయన ఎలా వేస్తాడో ఫిల్ము తీసి, హాల్లో రెండు గోడల మీద ఒకేసారి చూపించాలనుకున్నాను.

పది రోజులు వాళ్లింట్లో తీశాను. ప్రతి రంగుకూ ముందు నర్సింలు భార్య వైపు చూసేవాడు. మల్లమ్మ బియ్యం ఏరుకుంటూనే "ఆడ జెర నలుపు" అని వేలు చూపేది. "ఇగ సాలు" అంటే కుంచె కింద పెట్టేసేవాడు.

ఆమె ఉన్న ముక్కలన్నీ కోసేశాను. ఎందుకు? పెళ్లాం చెబితే వేస్తాడా అని అధికారులు నవ్వుతారనా, లేక కళాకారుడు ఒంటరిగా కనిపిస్తేనే గొప్పవాడనీ, అతణ్ణి చూపించిన నేనూ గొప్పవాణ్ణనీ అనుకున్నానా? రెండూ నిజమే.

ఫిల్మును హాల్లో రెండు గోడల మీద వేసిన రోజు చప్పట్లు మోగాయి. తర్వాత మల్లమ్మ నా దగ్గరికి వచ్చింది.

"సారూ, నేనేడ వోయిన?"

"ఆ రీలు చెడిపోయిందమ్మా."

"అయ్యో, మీ కష్టమంత మన్నుల గల్సింది గద సారూ."

నన్నే ఓదార్చింది.

ఆ ముక్కలు పారేయలేకపోయాను. మొన్న ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి ఆ ఫిల్ము మళ్లీ అడిగారు. ముక్కలు అతికించి మూడో గోడ మీద వేశాను. ఒక పక్క నర్సింలు చెయ్యి, ఒక పక్క రేకు, నడుమ గోడంత మల్లమ్మ. ఆమె వేలు చూపగానే పక్క గోడ మీద నలుపు పడేలా కలిపాను. మూడోసారి పడేసరికి హాలుకంతా అర్థమైంది. జనం లేచి నిలబడ్డారు. నర్సింలు భార్య భుజం పట్టుకుని, "మా ఇంటామెనే గీమె" అని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాడు. ఆమె తల ఎత్తి గోడ మీది తనను తాను చూసుకుంటూ నిలబడింది. నా జన్మలో అంత గొప్ప సాయంత్రం లేదు.

కానీ చెడిపోయిందనుకున్న రీలు పాత సామాన్లలో బాగానే దొరికిందని చెప్పాను. మేనేజరు మెచ్చుకున్నాడు. మల్లమ్మ నాకు రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను.

ఆ రీలు చెడిపోలేదు. ఎక్కడా పోలేదు. కత్తెర పట్టుకుని, తెలిసి, నేనే కోశాను. ఆమె క్షమిస్తుందా? అడిగే ముఖం నాకుందా? తెలియదు. కానీ ఈ మాట కాగితం మీద పెట్టి, దారిన పోయేవాళ్లకు వినబడేలా తలుపులు తెరిచే ఉంచి, పైకి చదివాను.