జీపులో ఉన్నాయన

బావకున్న వింత అలవాటు ఒక్కటే: రిపేరు షెడ్డుకు ఏ బండి వచ్చినా, పోయినవాళ్లెవరో అందులో ఉన్నట్టు ఖాళీ సీటుకేసి చూసి పలకరించేవాడు. పలకరించి ఊరుకున్నా సరిపోయేది. జవాబు కోసం ఆగేవాడు. ఆగి, విన్నట్టుగా తల ఊపేవాడు. ఆ తల ఊపుడు దగ్గరే బావమరిదికి అరికాళ్లు చల్లబడేవి.

షెడ్డులో ఉండేది వాళ్లిద్దరే. కోత, వెల్డింగు బావది. గీకుడు, రంగు బావమరిదిది. అక్కను ఇచ్చేముందు కుర్రాడికి తాగుడుందా, పేకాట ఉందా అని వాకబు చేశారు గానీ, సీట్లతో మాట్లాడతాడా అని అడగాలని ఎవరికి తోస్తుంది!

"మాట్లాడితే మాట్లాడావు, మధ్యలో నవ్వకు బావా, నీకు పుణ్యముంటుంది" అని బావమరిది బతిమాలేవాడు.

"వాళ్లు హాస్యమాడితే నవ్వకపోతే ఏం బాగుంటుందిరా?"

ఒకసారి ఒకాయన కారు రంగుకిచ్చి, తీసుకెళ్లడానికి ఎంతకీ రాలేదు. బావ ఆ కారు వెనకసీటుకేసి తిరిగి, "కాళ్లు కాస్త పైకి పెట్టుకోండి, కింద ఊడుస్తాను" అనడం బావమరిది చెవిన పడింది. పాపం, ఆయన పోయాడు కాబోలనుకుని, మొహం వేలాడేసుకుని వాళ్లింటికి పరామర్శకు వెళ్లాడు. తలుపు తీసింది ఆయనే. బావమరిది గుమ్మంలోనే కూలబడితే, నీళ్లు చల్లి లేపిందీ ఆయనే.

అలాంటి బావమరిదికి ఆ జీపు రావడమే శకునంలా అనిపించింది. పొగమంచు రోడ్డును మింగేసిన పొద్దున అది. ముందు బండ్లు లాగే లారీ కనబడింది. దాని వెనక, ముందు చక్రాలు గాల్లోకి ఎత్తి కట్టిన పాత జీపు, కొండదారులు ఎక్కే రకం. జీపు పక్కనే తలుపు పిడి పట్టుకుని ఒక పెద్దావిడ నడిచి వస్తోంది. లారీ కూడా ఆవిడ నడకకు తగ్గట్టే కదులుతోంది.

"ఎక్కమంటే ఎక్కదు మేస్త్రీ" అన్నాడు లారీ డ్రైవరు, గొలుసు విప్పుతూ. "కొండ మీంచి ఇక్కడిదాకా నడకే. శవాన్ని తీసుకొస్తున్నట్టుంది నాకు." జీపును అలా దింపాడో లేదో, వెనక్కి చూడకుండా పోయాడు.

ఆవిడ తలుపుల కింద ఉన్న పక్కమెట్లను చూపించింది. కాలు మోపి ఎక్కడానికి పెట్టిన ఇనప గొట్టాలు. తుప్పు పొరలు పొరలుగా లేచి చర్మరోగం వచ్చినట్టున్నాయి.

"వీటిని బాగుచెయ్యాలి" అంది.

బావ ఆవిడకు జవాబు చెప్పకుండా స్టీరింగు వెనక సీటుకేసి వంగాడు. "దారంతా వెనక్కి వాలిపోయి వచ్చారు, నడుం పట్టేసి ఉంటుంది కదండీ?"

ఆగాడు. తల ఊపాడు. బావమరిది రెండడుగులు వెనక్కేశాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావు మేస్త్రీ?"

"సీట్లో ఉన్నాయనతోనమ్మా."

ఆవిడ మళ్లీ తలుపు పిడి పట్టుకుంది. "సీట్లో ఎవరూ లేరు."

"అలాగేనమ్మా" అని, బావ సీటుకేసి తిరిగి గొంతు తగ్గించాడు. "లేరంటున్నారు."

తర్వాత నేలమీద చతికిలబడి సుత్తితో మెట్టును తట్టాడు. మంచి ఇనుమైతే మోగుతుంది, ఇది దగ్గింది. దగ్గిన మరుక్షణం గొట్టం లోపల ఏదో ఈ చివరినుంచి ఆ చివరికి గరగరా జారింది, ముసలాయన గొణిగినట్టు. మెట్టులో సగం మేర మాత్రం ఎవరో గరుకు కాగితంతో గీకిన గీతలున్నాయి. వాటిమీద మళ్లీ పలచగా తుప్పు పూసింది.

బావ సీటుకేసి తలెత్తాడు. "సగంలో లేచిపోయారేమండీ?"

ఆవిడ షెడ్డులో ఉన్న ఒక్క స్టూలు మీద కూలబడింది.

"లేవలేదు" అంది. "అక్కడే కూర్చుని గీకుతూ, మా ఆయన అలాగే ఒరిగిపోయారు. ఆ తుప్పుకు నా బట్టలు చిరుగుతున్నాయని సతాయించింది నేనే. నోరు మూసుకుని ఉంటే ఆ ఎండలో కూర్చునేవారా? అప్పట్నుంచీ ఆ మెట్టు మీద నా కాలు పడటం లేదు. మా ఇల్లున్న కొండకు ఈ జీపు తప్ప ఇంకేదీ ఎక్కదు. ఎక్కలేకపోతే ఇల్లొదిలి కింద ఎక్కడో గది చూసుకోవాలి. కొత్తగా చేయించాక కూడా కాలు పడకపోతే ఇల్లమ్మేస్తాను."

బావ సుత్తి పక్కన పెట్టాడు. నీ తప్పు లేదమ్మా అనలేదు. మంచు లోపలికి పాకుతోంటే షెడ్డు తలుపు సగం దించాడు.

మధ్యాహ్నానికి డీజిలు పోసి నానబెట్టిన బోల్టులు కదిలాయి. మెట్లు ఊడదీసి బల్లమీద పెట్టారు. కుళ్లిన చోట బావ కోసేసరికి గొట్టంలోంచి గుప్పెళ్లకొద్దీ తుప్పు రజను రాలింది. నీళ్లు పోయే కంతలు బురదతో పూడుకుపోయి, తుప్పు లోపల్నుంచే తినేసింది.

"గొణిగింది ఇదా!" అని బావమరిది గుండెల మీద చెయ్యేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే అవతల జీపులోంచి 'టక్' మంది.

"బావా, మెట్లు ఇక్కడున్నాయి కదా. అక్కడ కొట్టిందెవరు?"

"వెళ్లి చూసిరా."

"నువ్వే వెళ్లు. నీకు పరిచయస్తులు."

బావ ఎంచక్కా అక్కణ్నుంచే కేకేశాడు. "వస్తున్నామండీ, తొందరపెట్టకండి!"

"ఆయన తొందరపెట్టరు" అంది ఆవిడ. "ఆయన జన్మలో ఎవర్నీ తొందరపెట్టలేదు."

"మరేమంటారమ్మా?"

"‘కాలెత్తి వెయ్యడం చేతకాక మెట్టును ఆడిపోసుకుంటుంది’ అంటారు."

బావ సీటుకేసి చూశాడు. "అన్నారా అండీ మీరు?" ఆగి, తల ఊపాడు. "అన్నారట."

ఆవిడ పెదవి ఒక పక్క వంకరపోయింది. అది నవ్వో కోపమో బావమరిదికి తేలలేదు.

కోసిన చోట కొత్త గొట్టం అతికాక గీకడానికి బావమరిది ముందుకొచ్చాడు. బావ ఆపాడు. "ఆయన గీకినంత మేరా ముట్టుకోకు. తుప్పును నల్లగా మార్చే మందు రాసి, దానిమీదే రంగు వేద్దాం. ఆ గీతలు లోపల అలాగే ఉంటాయి. మిగతా సగం..." అని గరుకు కాగితం తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాడు. "ఆయన మిమ్మల్ని చెయ్యమంటున్నారు."

"ఆయన అన్నారా?"

"అన్నారు."

"అంటారు, ఎందుకనరు! సగంలో వదిలేసిన పనులన్నీ నాకేగా!" ఆవిడ విసురుగా లేచి బల్ల దగ్గరికి నడిచింది. గీకడం మొదలుపెట్టింది. కాగితం కిర్రుమన్నకొద్దీ గొంతు పెరిగింది. ఇప్పుడు మాట బావతో కాదు, తిన్నగా జీపుతోనే.

"వింటున్నారా? వంటింటి చూరు సగం కప్పి వదిలేశారు. బండి నడపడం నేర్పారు, మర్నాటినుంచీ తాళమివ్వలేదు. కారుతున్న పంపు చూడమంటే పేపరు చూశారు. ఒక్కటంటే ఒక్కటి, నేను చెప్పానని ఏ రోజన్నా చేశారా? మీరు నా మాట ఎప్పుడు విన్నారు గనక..."

కాగితం ఆగింది.

ఆవిడ చేతులు తుప్పుతో ఎర్రగా ఉన్నాయి. తను అన్న మాట తనే విన్నట్టు జీపుకేసి చూస్తూ నిలబడింది.

"ఎప్పుడూ వినలేదు" అంది మెల్లగా. "ఆ రోజు మాత్రం ఎందుకు వింటారు? బుద్ధి పుట్టింది, గీకారు. అంతేగా?"

బావ ఈసారి తల ఊపలేదు. ఆవిడ మళ్లీ గీకసాగింది, ఈసారి నిదానంగా.

మందు, ఎర్ర ప్రైమరు, నల్ల రంగు వరసగా ఆరి మెట్లు జీపుకెక్కే రోజు వచ్చింది. మళ్లీ అదే మంచు. చివరి బోల్టు బిగిస్తూ బావమరిది గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు బావా, వాళ్లు నిజంగా మాట్లాడతారా?"

బావ అటూ ఇటూ చూశాడు. "ఇన్నేళ్లలో ఒక్కరు పలికితే ఒట్టు."

"మరి ఆ తల ఊపుడేంటి?"

"పోయినవాళ్ల బండి తెచ్చినవాళ్లకు వాళ్లతో మాట్లాడాలనుంటుందిరా, కానీ సిగ్గు. పిచ్చోడొకడు ముందు మొదలెడితే బుద్ధిమంతులకు ధైర్యమొస్తుంది. ఇంతకీ సీట్లో ఎవరూ ఉండరు, నువ్వు భయపడకు."

బావమరిది ఎన్నాళ్లకో కడుపునిండా గాలి పీల్చాడు.

ఆవిడ వచ్చింది. కొత్త మెట్టు ముందు ఆగింది. కాలెత్తింది, దించింది. మళ్లీ ఎత్తి, మోపింది. మెట్టు కిక్కురుమనలేదు. ఆవిడ పైకి లేచి తలుపు తీసి, డ్రైవరు సీటుకేసి చూసి, ఇంట్లో మంచం మీద అడ్డంగా పడుకున్నవాణ్ని కసిరినట్టు కసిరింది.

"జరగండి! ఇంకెంతసేపు కూర్చుంటారక్కడ? ఇవాళ నేను నడుపుతాను."

జీపు చిన్నగా ఊగింది. ఆవిడ ఇంకా మెట్టు మీదే ఉంది. అవతల, ఖాళీగా ఉన్న పక్కసీటు వైపు స్ప్రింగులు కిర్రుమని, బండి అటేపు మెత్తగా ఒరిగింది, బరువైన మనిషెవరో విసుక్కుంటూ జరిగి కూర్చున్నట్టు.

ఆవిడ ఎక్కి కూర్చుని తలుపేసుకుంది. తాళం తిప్పింది.

బావ చెయ్యి వచ్చి బావమరిది మోచేతిని పట్టుకుంది. "ఒరేయ్" అన్నాడు, నోట తడి లేకుండా. "చూశావా?"

బావమరిదికి ఎందుకో అస్సలు భయం వెయ్యలేదు. బావను తన వెనక్కి జరిపి, రెండడుగులు ముందుకేసి, పక్కసీటు కిటికీ దగ్గర వంగాడు.

"వెళ్లి రండి సార్" అన్నాడు. "అమ్మగారికి దారి మాత్రం చెప్పకండి, వినరు."

ఆగాడు. తల ఊపాడు.