ఫీకీ చాయ్

చక్కెర వేయని చాయ్‌ని మా భోపాలపట్నంలో ఫీకీ చాయ్ అంటారు. ఎవరింటికి వెళ్లినా నాకు అదే ఇచ్చేవాళ్లు. బట్టల దుకాణం వాళ్ల అమ్మాయికి షుగర్ అని బజారంతా తెలుసు. పెళ్లి భోజనాల్లో జిలేబీ వడ్డించేవాడు నా విస్తరిని చూసీ చూడనట్టు దాటిపోయేవాడు. నాకేమో తీపి అంటే ప్రాణం. షుగర్ ఏనాడూ లేదు.

నాకు వచ్చింది మనసు జబ్బు. నిద్ర పోయింది. ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. దుకాణానికి వచ్చినవాళ్లంతా నా గురించే గుసగుసలాడుతున్నారని నమ్మాను. దయ్యం పట్టింది, దయ్యాలు వదిలించే సిరహాతో విడిపించండి అన్నారు చుట్టాలు. అన్న ఒప్పుకోలేదు. బస్సులో జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. దారి పొడవునా నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. మందులు పడ్డాక మెల్లమెల్లగా ఆ మాటలు ఆగాయి, నిద్ర పట్టింది.

"ఎవరన్న అడిగితే షుగర్ అని చెప్పు చెల్లె. నీ మంచికే చెప్తున్న" అన్నాడు.

అలాగే చెప్పాను. మళ్లీ దుకాణంలో కూర్చుని చీరలు చూపించాను. ఆ చప్పిడి చాయ్ తాగినప్పుడల్లా, అన్న నన్ను కాపాడుతున్నాడు కదా అనుకునేదాన్ని.

అన్నకు పాప పుట్టింది. మద్దేడ్‌లో వదిన పుట్టింట్లో తొట్టెల పండుగ చేశారు. పాపను తొట్టెలలో వేసి చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త, అంటే నేను. ఆ పేరు వెతికింది కూడా నేనే. కొత్త చీర కట్టుకుని, పొద్దున్నుంచి మనసులో దాన్నే పలికి చూసుకుంటూ కూర్చున్నాను.

తొట్టెలకు పూలు కట్టడం అయ్యాక అన్న మా చిన్నాన్న కూతుర్ని పిలిచాడు.

"నువ్వెయ్యమ్మా. మా చెల్లెకు షుగర్ గదా, కండ్లు తిరుగుతయ్. పాపను పట్టుకోలేదు."

అందరూ జాలిగా చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇంట్లో నా అసలు జబ్బేమిటో తెలిసినవాడు అన్న ఒక్కడే, తర్వాత పెళ్లై వచ్చిన వదినకు కూడా తెలియదు. నాకు నయమైందని కళ్లారా చూసినవాడూ అతనే. అలాంటిది, తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి నన్ను చూసి భయపడ్డాడు. నా మంచికే అని చెప్పించిన అబద్ధాన్ని నాకే అడ్డం పెట్టాడు.

ఇంతలో చాయ్ వచ్చింది, నా గ్లాసు ఎప్పటిలాగే వేరుగా. దాన్ని పక్కకు జరిపి, పళ్లెంలోంచి లడ్డూ తీసి కొరికాను. వదిన వాళ్లమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో బిడ్డా, నీకు షుగరాయె!"

"నాకు షుగర్ లేదత్తమ్మా. మనసుకు జబ్బొచ్చింది. జగదల్‌పూర్‌ల చూపించుకున్న. గోలీలేసుకుంటున్న, మంచిగున్న."

"ఇజ్జత్ తీస్తున్నవ్, ఏందే ఇది!" అన్న పళ్లు కొరికాడు.

"ఎవరి ఇజ్జత్ అన్నా? జరమొస్తే చెప్పుకుంటలేమా?"

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. వదిన అన్నను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"డాక్టరేమన్నడు?"

"గోలీలు ఆపొద్దన్నడు. ఆపలే వదినా."

"మరింకేంది" అని వదిన పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

పాప వెచ్చగా ఉంది, నిద్రలోనే మూతి చప్పరిస్తోంది. చెవి దగ్గర వంగి పేరు చెప్పాను. తలెత్తేసరికి అన్న నా ఎదురుగా వంగి, పాప కింద రెండు చేతులూ చాపి ఉన్నాడు, నేనెక్కడ జారవిడుస్తానోనని. బస్సులో దారి పొడవునా నన్ను పట్టుకున్న చేతులే అవి.