తెల్లవారి పది నిమిషాలు

మా రేడియో కేంద్రంలో కార్యక్రమాల పట్టిక వేసిన అక్క పోయిన మంగళవారం కన్నుమూసింది. మధ్యాహ్నం మేడ మీద బట్టలు తీస్తుంటే ఆమె చెల్లెలు కావలి నుంచి ఫోన్ చేసింది. "అక్క ప్రభువు దగ్గరికి పోయిందమ్మా. రేపు మధ్యాహ్నం సమాధి, నెల్లూరులోనే" అంది. అంతే, ఫోన్ పెట్టేసింది. తీసిన బట్టలు చేతిలో పట్టుకుని చాలాసేపు ఎండలోనే నిలబడిపోయాను.

మీరు ఆమె గొంతు విని ఉండరు. మా చిన్న ప్రభుత్వ కేంద్రంలో ఏ కార్యక్రమం ఎన్నింటికి రావాలి, ఎంతసేపు ఉండాలి, దాని వెనక ఏది రావాలి అన్నది తేల్చే పని ఆమెది. నేను ముత్తుకూరు పక్క రైతు కుటుంబం నుంచి రోజువారీ అనౌన్సర్‌గా వెళ్ళాను. మొదటి రోజు భయంతో గబగబా చదివేశాను. ఆమె స్టూడియో తలుపు తీసి, "నిదానంగా చదువు పాపా. వినేవాళ్ళ చేతులు పనిలో ఉంటాయి. చెవి ఒక్కటే మనకిచ్చినారు" అంది. అందరూ ఆమెను మేడమ్ అనేవారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి అక్కే.

భోజనాల వేళ ఆమె బల్ల మీద చిన్న రేడియో మోగుతూ ఉండేది. ఒక కార్యక్రమం ముగిసి ఇంకొకటి మొదలయ్యేదాకా చేతిలో ముద్ద నోట్లో పెట్టుకునేది కాదు. మొదలైందని తెలిశాకే నమిలేది. మేం నవ్వితే తనూ నవ్వేది.

ఒక ఏడాది పై అధికారుల నుంచి ఉత్తర్వు వచ్చింది. కేంద్రానికి కొత్త పేరు, కొత్త గుర్తు, రోజూ ముందుగా వినిపించడానికి కొత్త సంగీతం ఉండాలట. ఖర్చుకు మాత్రం పైసా లేదు. అక్క బోర్డు మీద పాత పేరు చెరిపించి, కొత్త పేరు మా ఆఫీసు డ్రైవర్ చేత రాయించింది. సంగీతం కోసం నన్ను వెంటబెట్టుకుని రికార్డర్‌తో సముద్రం ఒడ్డుకు వెళ్ళింది. వల లాగే మనుషులు పెట్టే కేకలు రికార్డు చేసింది.

"మా అరుపులు ఎవురింటారు మేడమ్?" అన్నాడు వాళ్ళలో ఒకతను.

"మీ ఇంట్లోవాళ్ళు వింటారు. మనోళ్ళ గొంతే అని స్టేషన్ తిప్పబోయే చెయ్యి ఆపుకుంటారు. నాకు అంతకన్నా ఏం కావాల?"

ఆ కేకల మీద నా గొంతుతో ఊరి పేరు చేర్చింది. మా కేంద్రం గుర్తు అదే అయింది.

తర్వాత ఇంకా గడ్డు రోజులు వచ్చాయి. మనుషులు తగ్గారు, కొత్తవాళ్ళను వేసుకోవడానికి వీల్లేదన్నారు. రోజులో ఎక్కువ భాగం రాజధాని నుంచి వచ్చేదే ప్రసారం చేయాలన్నారు. మాకంటూ మిగిలిన కాస్త సమయంలో తెల్లవారుజామున చేపలవాళ్ళ కోసం మేం చదివే పది నిమిషాల సముద్ర వార్తలు ఆమె ఉంచి, ఆడవాళ్ళ కోసం నేను నడిపే కార్యక్రమాన్ని తీసేసింది. ఉత్తరాలు రాసే ఆడవాళ్ళు నాకు ఎంతమందో! నేను ఆమె గదిలోకి వెళ్ళి గట్టిగా అరిచాను.

"గాలి ఎటు వీస్తందో ఇప్పుడు ఫోన్లో చూసుకుంటారక్కా! నా ప్రోగ్రామే దొరికిందా నీకు?"

"ఒడ్డు దాటితే ఫోన్ పలకదు పాపా" అంది, తలెత్తకుండా.

ఆ మాట నాకు కోపం తెప్పించింది. తెల్లవారి డ్యూటీకి వచ్చి సముద్ర వార్తలు చదివి, ఆమె రాకముందే వెళ్ళిపోయేదాన్ని. నెలల తరబడి మాట్లాడలేదు. ఆమె రిటైరైన రోజు కూడా దండ వేసి పక్కకు తప్పుకున్నాను.

అసలు సంగతి ఆ తర్వాత ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పారు. పైవాళ్ళు తీసేయమన్నది సముద్ర వార్తల్నే. ఆమె ఎన్నో ఏళ్ళుగా ఇష్టంగా రాసి తయారుచేసే పుస్తకాల కార్యక్రమాన్ని ఉంచుకోమన్నారు. ఆమె ముందు దాన్ని వదులుకుంది. అదీ చాలకపోతే నాది తీసింది. ఆ సంగతి నాతో ఒక్కసారీ అనలేదు.

జబ్బు ముదిరి ఆస్పత్రిలో ఉందని తెలిసి వెళ్ళాను. మనిషి సగమైపోయింది. నేను క్షమించమని అడగబోతే చెయ్యి పట్టుకుంది.

"పట్టికలో నీ పేరు పెన్సిల్‌తో కొట్టేసినా. ఎప్పుడన్నా మళ్ళా రాయొచ్చునని. రాయలేకపోయినా, పాపా."

నేను ఆమె చేతిమీద తల పెట్టి ఏడ్చాను. అడగాలనుకున్నది అడగనే లేదు. మళ్ళీ వెళ్దామనుకున్నాను. వెళ్ళేలోపే ఫోన్ వచ్చింది.

బుధవారం తెల్లవారి డ్యూటీ నాదే. గాలి, అలలు, హెచ్చరికలు చదివాక, ఎవరి అనుమతీ అడగకుండా రెండు వాక్యాలు చేర్చాను. "ఈ వార్తలు మీకు అందకుండా పోకూడదని నిలబడిన మా అక్క ఇక లేరు. ఈ మధ్యాహ్నం ఆమెను నెల్లూరు చర్చి సమాధుల తోటలో ఉంచుతున్నాం." తర్వాత పైవాళ్ళు దానికి సంజాయిషీ అడిగారు. రాసిచ్చాను.

సమాధుల తోటకు చర్చివాళ్ళు, పాత సహోద్యోగులు కొద్దిమంది వచ్చారు. పాట సగంలో ఉండగా ఒడ్డు ఊళ్ళ నుంచి ఆటోలో ఏడెనిమిది మంది దిగారు. పంచె ఎగ్గట్టిన ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చి, "పొద్దున చదివింది నువ్వేనామ్మా? గొంతు గుర్తుపట్టినా. ఆయమ్మ ఏదీ?" అన్నాడు.

గుంట పక్కన కుర్చీలో ఉన్న ఫొటో చూపించాను. ఆయన దగ్గరికెళ్ళి వంగి, కొత్త మనిషిని చూసినట్టు చాలాసేపు చూశాడు. మట్టి వేస్తుండగా చినుకులు మొదలయ్యాయి. అందరం చెట్ల కిందికి నడిచాం. ఆయన కదల్లేదు. భుజం మీది తువ్వాలు తీసి ఫొటో మీద గొడుగులా రెండు చేతులతో పట్టుకుని, తాను తడుస్తూ అక్కడే నిలబడ్డాడు.