దంతాలు ఇచ్చేదాకా కప్పని చీర

మీరు దొంగసొత్తుకు దండం పెట్టారు. ఏటా వినాయక చవితికి పిల్లల్ని చంకనెత్తుకుని, వాళ్ల చేతులు కూడా మీరే జోడించి మరీ పెట్టించారు. ఈ మాట మీ ముఖం మీదే అంటూ వచ్చిన మనిషి మొన్న శుక్రవారం పొద్దున చనిపోయింది. వాకిలి ఊడ్చి, చీపురు గోడకు ఆనించి, మెట్టు మీద కూర్చుంది. ఇక లేవలేదు. బోధన్‌లో మా గోడకు అవతలి ఇల్లు ఆమెది. బడిలో నాకు సైన్సు చెప్పింది. వీధికంతటికీ టీచరమ్మ.

"మంచి మనిషి, పాపం" అని ఇప్పుడు అంటున్నారు. అక్కర్లేదు. బతికుండగా "ఏనుగుల పిచ్చిది" అన్నారు కదా, ఆ మాట మీదే నిలబడండి.

సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతాను. టీచరమ్మ వాళ్ల అన్న బెల్లం వ్యాపారి. ఊళ్లో పటేలు అంటాం. ఆయన ఇంట్లో తాతల నాటి ఏనుగు దంతాల జత ఉంది. ఏడాదంతా బీరువాలో ఉంటాయి. చవితికి మాత్రం మా వీధి మండపంలో వినాయకుడికి అటొకటి, ఇటొకటి నిలబెడతారు. వర్ని నుంచి కూడా జనం ఆటోలు మాట్లాడుకుని వచ్చి, తాకి కళ్లకద్దుకుంటారు. చిన్నప్పుడు వాటిని తడిగుడ్డతో తుడిచే పని టీచరమ్మదే. ఆ పని కోసం అక్కాచెల్లెళ్లం కొట్లాడుకునేవాళ్లమని ఆమే చెప్పింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, నిమజ్జనం అయిన మర్నాడు, సరిహద్దు అవతలి నుంచి ఒక వ్యాపారి పటేలు ఇంటికొచ్చాడు. సగం మరాఠీ, సగం తెలుగు. దంతాలు కొంటానన్నాడు. పటేలు అమ్మనన్నాడు. ఆయనకు దక్కాల్సిన మాట దక్కనిద్దాం: ఎప్పుడూ అమ్మలేదు. ఆ వ్యాపారి చాయ్ తాగి లేస్తూ, "పోనీ పటేల్, గిసుంటియి ఇంకెవలింట్లనన్న ఉన్నయా? కొత్తయైనా ఫికర్ లేదు. జునా మాల్ అని చెప్తే ఎవలు అడుగుతరు?" అన్నాడట. జునా మాల్ అంటే పాత సరుకు. ఆ చాయ్ కప్పులు తియ్యడానికి లోపలి నుంచి వచ్చిన టీచరమ్మ ఆ మాట విన్నది. తన ఇంటి పాత దంతం ఎక్కడో ఒక కొత్త హత్యకు ముసుగవుతుందని ఆమెకు ఆ నిమిషంలో అర్థమైంది. మీకు ఇప్పటికీ కాలేదు.

ఆ వారమే మా తరగతిలో నల్లబల్ల మీద ఏనుగు పుర్రె గీసింది. నా పక్కన కూర్చున్న వాడు లేచి, "టీచర్, దుప్పి కొమ్ము లెక్క రాలిపడ్తది గదా, మల్ల మొలుస్తది" అన్నాడు.

"అట్లనా? ఇటు రా బిడ్డా, నోరు తెరువు. గీ దవడ పన్ను పీకుత. మల్ల మొలుస్తదేమో అందరం కూసోని సూద్దాం."

తరగతంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఆగి చెప్పింది: "దుప్పి కొమ్ము రాల్తది. ఏనుగు దంతం రాలదు. దంతమంటే పన్నే, నగ కాదు. దాని మొదలు మొఖం లోపల ఉంటది. మొత్తం తియ్యాలంటే మొఖం కోయాలె."

మర్నాడు మాలో సగం మంది ఇళ్లల్లో తిట్లు తిన్నాం, కుంకుమ భరిణెలు, దువ్వెనలు వాకిట్లోకి తెచ్చి ఇది ఏనుగుదా, ఎద్దుదా, ప్లాస్టిక్‌దా అని అడిగినందుకు.

తర్వాతి చవితికి మండపంలో మైకు అడిగింది. మంగళహారతి పాడుతుందనుకుని కుర్రాళ్లు సంతోషంగా ఇచ్చారు.

"ఈ దేవుడు తన దంతం తానే విరుచుకున్నడు. పక్కన పెట్టిన ఈ రెండు ఎవలు విరిచిండ్రు? ఆ ఏనుగు ఇచ్చిందా? మీల ఎవలన్న అడిగిండ్రా?"

మైకు ఆగిపోయింది. తీగ పీకిన వాడే అన్నాడు, "పండుగ పూట గీ లొల్లేంది టీచరమ్మా?"

"మరెప్పుడు సెయ్యాలె? ఏడాదంత బీరువల వెట్టి తాళమేస్తిరి."

పటేలు అందరి ముందూ లేచాడు. "ఇంటి ఇజ్జత్ తీసినవ్ చెల్లే. ఇగ నా గడప తొక్కకు."

తొక్కలేదు. మన దగ్గర బతుకమ్మకు ఆడబిడ్డను తల్లిగారింటికి పిలవకపోవడం అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ప్రతి ఏటా ఎంగిలిపూల బతుకమ్మ రోజు పొద్దున ఆమె తలస్నానం చేసి, చీర మార్చుకుని, గేటు వైపు చూస్తూ బియ్యం ఏరేది. మధ్యాహ్నం దాటాక మా అమ్మను పిలిచి, "పా, మన గల్లీలనే ఆడుదాం" అనేది. గుమ్మడి పువ్వులు ఎక్కువ పేర్చేది. తల్లిగారింట్లో అట్లాగే పేరుస్తారట.

అంత బాధ లోపల పెట్టుకుని కూడా ఇల్లిల్లూ తిరగడం మానలేదు. "సిరికొండ అడవిల ఏనుగులున్నయా టీచరమ్మా, నీకెందుకింత రంధి?" అని నవ్వేవాళ్లు. "లేవు. ఉన్న కాడ గూడ లేకుంట చేసెటందుకే మనం కొంటున్నం" అనేది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు భరిణెలు తెచ్చిచ్చారు. వాళ్లను వెంటబెట్టుకుని అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లి అప్పజెప్పించింది. వేల్పూర్ నుంచి ఒక ముసలవ్వ అత్తగారి దువ్వెన పంపిస్తే దానికి బదులుగా టేకు దువ్వెన కొనిచ్చింది.

టేకు అంటే గుర్తొచ్చింది. వడ్రంగి చాచా దగ్గర కూర్చుని మండపం కోసం కట్టె దంతాలు చేయించింది. నునుపు తేల్చి, సున్నం రంగు వేసి, చాచా వాటిని ఎత్తి చూస్తూ, "అమ్మా, గణేషునికి ఏం ఫికర్ లేదు. ఫికరంత మీ కమిటోళ్లకే" అన్నాడు. అన్నట్టే అయింది. కమిటీ వాళ్లు మర్యాదగా తీసుకుని, జనరేటర్ కింద చెక్కముక్కలుగా పెట్టారు. నేను కళ్లారా చూశాను. ఆమె కూడా చూసింది. నూనె మరకలు తుడిచి ఇంటికి తెచ్చుకుంది. మరుసటి ఏడు మళ్లీ రంగు వేయించి తీసుకెళ్లింది. ఆ తర్వాతి ఏడు కూడా.

నాకు ఒళ్లు మండేది. కాగితం లేకుండా ఏనుగు దంతం ఇంట్లో ఉంచుకోవడమే నేరం కదా, ఫిర్యాదు రాసిస్తాను, సంతకం పెట్టండి అని ఎన్నోసార్లు పోట్లాడాను. ఒకటే జవాబు: "వాళ్లొచ్చి గుంజుకపోతే మా అన్న దొంగయితడు. తనే తీస్కపోయి ఇస్తే మనిషయితడు. నాకు మా అన్న గావాలె."

ఆ అన్న శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. చేతిలో చీర. ఆడబిడ్డ పోతే తల్లిగారింటి చీర కప్పి సాగనంపడం మన ఆచారం. పసుపు అంచు తెల్లచీర, మడత విప్పలేదు. టీచరమ్మ బిడ్డ గేటు దగ్గర అడ్డం నిలబడింది.

"మామా, అమ్మ ఎన్నడో చెప్పి పెట్టింది. దంతాలు అప్పజెప్పినంకనే నీ చీర కప్పాలంట. అప్పటిదాక వద్దంట."

పటేలు గేటు పట్టుకున్నాడు. "సచ్చినంక గూడ నాతోటి కొట్లాటేనా చెల్లే?" అని ఇంట్లోకి చూస్తూ అన్నాడు. ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అబద్ధం చెప్పను. ఆయన ఇల్లు ఎంత దూరం? రెండు గల్లీలు. తాళం చెవి మొలకే ఉంటుంది. మేమంతా ఆయన కాళ్ల వైపు చూస్తూ నిలబడ్డాం. ఆ కాళ్లు కదల్లేదు.

పెద్దమనుషులు బిడ్డ మీద పడ్డారు. "పొద్దుగూకుతున్నది, కప్పనియ్యి బిడ్డా." ఆమె వినలేదు. తల్లి బడికి కట్టుకునే నేత చీర తెచ్చి కప్పింది. పాడె తన పక్క నుంచి పోతుంటే పటేలు చీరను మా ప్రహరీ గోడ మీద పెట్టి, తలమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"దంతాలిచ్చేస్తే ఆ ఏనుగు లేచొస్తదా?" అని ఆ సాయంత్రమే ఒక పెద్దమనిషి నన్నడిగాడు. రాదయ్యా. టీచరమ్మ కూడా రాదు. మొక్కేవాడున్నంత కాలం కొనేవాడుంటాడు, కొనేవాడున్నంత కాలం కోసేవాడుంటాడు. ఇంకా బతికున్న ఏనుగుల ముఖాల గురించి మాట్లాడుతున్నాం మనం.

కాబట్టి అడుగుతున్నాను.

కమిటీ వాళ్లు ఈ చవితికి మండపంలో కట్టె దంతాలే పెట్టాలి. అవి టీచరమ్మ అటక మీద ఉన్నాయి.

మీ ఇంట్లో దంతపు వస్తువు ఏదున్నా అటవీ శాఖకు అప్పజెప్పాలి. పాతదైనా సరే.

కొనకూడదు. కానుకగా వచ్చినా తీసుకోకూడదు.

మీ పిల్లలకు అది పన్ను అని చెప్పాలి.

పటేలూ, నువ్వు బీరువా తాళం తియ్యాలి. నీ చేతులతోనే తీసుకెళ్లి ఇవ్వాలి. అస్థికలు ఇంకా గోదావరిలో కలపలేదు. నీ చీర అస్థికల కుండకైనా కప్పేందుకు నీ మేనకోడలు దినాల దాకా ఆగుతానన్నది. కుండ వాకిట్లో జామకొమ్మకు కట్టి ఉంది. చీర మా ఇంట్లో ఉంది, మడత విప్పలేదు. వచ్చి తీసుకో.